నరసరావుపేటకూ పల్నాటి యుద్ధానికీ చుట్టరికమెంత?

అపోహ: నరసరావుపేట పల్నాటి యుద్ధం నాటి ఊరు.

యుద్ధం పన్నెండో శతాబ్దపు మాట. నరసరావుపేట వెలసింది పద్దెనిమిదో శతాబ్దం చివర్లో. అంతకుముందు అక్కడున్నది అట్లూరు. మల్రాజు జమీందార్లు దాన్ని పేటగా పెంచారు. మల్రాజు నరసారావు పేరే ఊరికి నిలిచింది. 1797ను పుట్టిన ఏడుగా లెక్కగట్టి, 1997లో ద్విశతాబ్ది ఉత్సవాలు జరుపుకున్నారు. 1915లో మునిసిపాలిటీ అయింది. చుట్టుపక్కల పల్లెలు పంట అమ్మకాలకూ, పిల్లల చదువులకూ, కోర్టు వాయిదాలకూ నమ్ముకున్న బస్తీ ఇది. ఈ చరిత్ర చాలు. పల్నాటి యుద్ధ కాలాన్ని అరువు తెచ్చుకోనక్కర్లేదు.

అపోహ: నరసరావుపేట ఉన్న పల్నాడు జిల్లా అంతా మొదటినుంచీ పల్నాడే.

ఈ జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. అసలు పల్నాడు గురజాల, మాచర్ల సీమ. బ్రిటిష్ హయాంలో పల్నాడు తాలూకాకు కేంద్రం గురజాల. నరసరావుపేటది వేరే తాలూకా. ఇంకా వెనక్కి వెళితే ఏలికలే వేరు. నరసరావుపేట ఉన్న గుంటూరు సీమ 1788లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి దక్కింది. పల్నాడు ఆర్కాటు నవాబు ఏలుబడిలో ఉండి, 1801లో పూర్తిగా కంపెనీ పరమైంది. నరసరావుపేటను పల్నాడు ముఖద్వారం అంటూ వచ్చారంటే, అసలు సీమ ఆ ఊరు దాటాకే మొదలవుతుందన్నమాట.

అపోహ: కోడిపందెం కోసం అంత నెత్తురు పారింది.

సినిమాలూ బుర్రకథలూ పుంజును ముందుకు తెచ్చాయి గానీ, కథ నిండా ఉన్నది దాయాదుల పోరు. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవుడు. ఒకే తండ్రి బిడ్డలు పంచుకున్న రాజ్యం. నాగమ్మ, బ్రహ్మనాయుడు చెరోవైపు మంత్రులు. పందెం ఓడిన మలిదేవుడి పక్షం ఏడేళ్లు సీమ విడిచింది. గడువు తీరాక రాజ్యభాగం అడగడానికి రాయబారం వెళ్లిన అలరాజును చంపించారు. ఆ తరవాతే కారెంపూడి దగ్గర, నాగులేటి ఒడ్డున కత్తులు దూశారు.

కారెంపూడి వాళ్లు ఈ తూకం ఎన్నడూ తప్పలేదు. ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు వీరులగుడి ఉత్సవాలు చేస్తారు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. అయిదింటిలో కోడికి దక్కేది ఒక్క రోజే. కులభేదం లేకుండా అందరూ ఒకే చాపమీద కూర్చుని తినాలన్న బ్రహ్మనాయుడి చాపకూడును మందపోరు నాడు ఇప్పటికీ వడ్డిస్తారు. పల్నాడంటే పగలేనని నమ్మేవాళ్లు ఆ రోజు కారెంపూడి వెళ్లి, ఆ పంక్తిలో కూర్చుని తినాలి.