మీకు తెలుసా? ప్రాసెసర్ పేరు చివరి అక్షరంలోనే ఉంది అసలు కిటుకు

తక్కువ డబ్బుతో గేమింగ్ కంప్యూటర్ అసెంబుల్ చేయించుకోవాలంటే ముందు చూడాల్సింది ప్రాసెసర్ పేరు చివరి అక్షరం.

2022లో వచ్చిన ఇంటెల్ కోర్ ఐ3-12100ఎఫ్‌లో 4 కోర్లు, 8 థ్రెడ్లు. ధరకు తగ్గ మంచి సరుకే. కానీ ‘ఎఫ్’ ఉందంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టే. విడిగా గ్రాఫిక్స్ కార్డు పెట్టకపోతే మానిటర్ మీద బొమ్మే రాదు.

కార్డుకు ఇప్పుడే డబ్బు లేదా? అప్పుడు 2021 నాటి ఏఎండీ రైజెన్ 5 5600జి నయం. 6 కోర్లు, 12 థ్రెడ్లు; ‘జి’ ఉంది కాబట్టి లోపలే వేగా గ్రాఫిక్స్. వాలరెంట్ లాంటి తేలిక ఆటలు హాయిగా ఆడుకోవచ్చు.

చాలామంది నష్టపోయేది ర్యామ్ దగ్గర. ఈ గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. 16 జీబీ స్టిక్ ఒక్కటి పెట్టే బదులు 8 జీబీవి రెండు, మదర్‌బోర్డు పుస్తకంలో చెప్పిన స్లాట్లలోనే పెడితే డేటా వెళ్లే దారి రెట్టింపవుతుంది. ఆటలో ఆ తేడా కళ్లకు కనిపిస్తుంది.

కార్డు ముందే కొంటున్నవారికి మాత్రం ‘జి’ లేని 5600 మేలు: ఎల్3 క్యాష్ 16 ఎంబీకి బదులు 32 ఎంబీ. రెండూ ఏఎం4 సాకెట్‌వే. పాత బోర్డయితే బయోస్ అప్‌డేట్ చేసి ఇమ్మని షాపులోనే అడగండి.