థాంక్స్‌గివింగ్ విందుకు ఏ స్టార్టర్ తీసుకెళ్లాలి?

అమెరికాలో ఏటా నవంబరు నాలుగో గురువారం జరిగే థాంక్స్‌గివింగ్ విందులో ప్రధాన వంటకం టర్కీ కోడి. అది ఓవెన్‌లో కాలడానికి గంటలు పడుతుంది. ఆలోగా అందరూ తినే స్టార్టర్లను చాలా ఇళ్లలో అతిథులే వండి తెస్తారు. అక్కడి తెలుగు కుటుంబాల పాట్‌లక్ విందుల్లోనూ ఇదే అలవాటు. ఇలా తెచ్చే వంటకం ఆకలిని చంపకూడదు. కారు ప్రయాణంలో రుచి చెడకూడదు, పాడవకూడదు.

తిండి కంటపడగానే, వాసన తగలగానే నోట్లో లాలాజలం, జీర్ణాశయంలో జఠరరసం ఊరడం మొదలవుతుంది. జఠరరసం ఊరడానికి మెదడు నుంచి వేగస్ నాడి ద్వారా సంకేతాలు వెళ్తాయని రష్యన్ శాస్త్రవేత్త ఇవాన్ పావ్‌లోవ్ కుక్కలపై ప్రయోగాలతో చూపాడు. జీర్ణక్రియపై చేసిన కృషికి ఆయనకు 1904లో నోబెల్ బహుమతి లభించింది. రుచుల్లో లాలాజలాన్ని బాగా ఊరించేది పులుపు. నిమ్మరసం పిండిన కీరా ముక్కలు, వెనిగర్‌లో ఊరిన క్యారెట్ ముక్కలు ఆకలి పుట్టించడానికి కారణం ఇదే.

కొవ్వు తీరు వేరు. అది చిన్నపేగు మొదటి భాగానికి చేరగానే కోలిసిస్టోకైనిన్ అనే హార్మోను విడుదలవుతుంది. దాంతో జీర్ణాశయం నెమ్మదిగా ఖాళీ అవుతుంది, కడుపు నిండినట్టు అనిపిస్తుంది. చీజ్ దట్టించినవీ, నూనెలో వేయించినవీ ముందే నాలుగు తిన్నవారికి టర్కీ వడ్డించే వేళకు తినాలనిపించదు.

ఒకే రుచి వరుసగా తింటే ఆ రుచి మీదే మొహం మొత్తుతుంది, వేరే రుచి మీద కోరిక మాత్రం పెద్దగా తగ్గదు. బార్బరా రోల్స్, ఎడ్మండ్ రోల్స్ బృందం 1981లో ప్రచురించిన ప్రయోగాల్లో ఇది స్పష్టంగా కనిపించింది. థాంక్స్‌గివింగ్ భోజనంలో మెదిపిన బంగాళదుంప, గ్రేవీ, నానిన రొట్టెతో చేసే స్టఫింగ్, అన్నీ మెత్తగా, వెచ్చగా, వెన్నతో ఉంటాయి. వాటికి ముందు చల్లగా, పుల్లగా, కరకరలాడేదే సరైన ఎంపిక. రకాలు పెరిగితే తినే మోతాదూ పెరుగుతుంది కాబట్టి, అతిథులు ముందే మాట్లాడుకుని రెండు మూడు రకాలతో సరిపెట్టడం మేలు.

మిరపకాయ బజ్జీ ఎంత ఇష్టమైనదైనా ప్రయాణానికి పనికిరాదు. వేడి నూనెలో పిండి పొర తన నీటిని ఆవిరిగా కోల్పోయి, గాజులా పెళుసుబారుతుంది. పొయ్యి దిగాక లోపలి మిరపకాయ తేమ మెల్లగా పైపొరలోకి చేరుతుంది. మూత పెట్టిన డబ్బాలోనైతే ఆవిరి చల్లబడి నీటిబొట్లై మళ్లీ బజ్జీల మీదే పడుతుంది. తడిసిన పొర సాగుతుంది. తిరిగి వేడి చేద్దామంటే ఓవెన్‌లో టర్కీ ఉంటుంది. జంతికలు, చేగోడీల్లో లోపలి దాకా నీరు ఆవిరైపోతుంది కాబట్టి గాలి చొరని డబ్బాలో వాటి కరకర పోదు. నూనె సరుకే కనుక కొద్దిగా పెడితే చాలు. కూరగాయ ముక్కలపై ఉప్పు వడ్డించేటప్పుడే చల్లాలి. ముందే చల్లితే ఆస్మాసిస్ వల్ల నీరు బయటికొచ్చి ముక్కలు వాడిపోతాయి.

భద్రత విషయంలో రాజీ కుదరదు. 4 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య బాక్టీరియా వేగంగా పెరుగుతుంది. అందుకే పాడయ్యే పదార్థాలను రెండు గంటలకు మించి బయట ఉంచవద్దని, 32 డిగ్రీలు దాటిన వేడిలో ఒక గంటే గడువని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. గుడ్డు పచ్చసొనను మయోనైజ్‌తో కలిపి నింపే డెవిల్డ్ ఎగ్స్, రొయ్యలు ఐస్ మీదే ప్రయాణించాలి. స్టాఫిలోకాకస్ ఆరియస్ ఆహారంలో వదిలే విషం వేడికి నశించదు కాబట్టి, పాడైనదాన్ని మళ్లీ వేడి చేసి వడ్డించడం ప్రమాదం.

అలర్జీల సంగతీ చూసుకోవాలి. పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు పీతల వంటివి, జీడిపప్పు బాదం వంటి గింజలు, వేరుశనగ, గోధుమ, సోయా అమెరికా చట్టం గుర్తించిన ప్రధాన అలర్జీ కారకాలు. 2023 నుంచి నువ్వులు తొమ్మిదోవిగా చేరాయి. కూరగాయ ముక్కలతో నంజుకోవడానికి తీసుకెళ్లే హమ్మస్‌లో నువ్వుల ముద్ద ఉంటుంది. ఆ సంగతి డబ్బా మీద రాసి అంటించాలి.