తుపాకీ చివర కత్తి

1861-65 నాటి అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్య వైద్యులు నమోదు చేసిన ఆయుధ గాయాలు దాదాపు 2,46,000. వాటిలో బాయ్‌నెట్ పోట్లు, కత్తి దెబ్బలు రెండూ కలిపినా 922. వెయ్యికి నాలుగైనా లేవు. నెపోలియన్ సేనలో పేరుమోసిన శస్త్రవైద్యుడు లారే, ఫ్రెంచి, ఆస్ట్రియా సైనికులు దగ్గరగా కలబడిన ఒక పోరులో గాయాలు లెక్కపెడితే 119 తుపాకీవి, 5 బాయ్‌నెట్‌వి తేలాయి. ఈ అంకెలు చూసి బాయ్‌నెట్ ఉత్త అలంకారమని కొట్టిపారేసేవారున్నారు. అది తొందరపాటు. ఎదుటివాణ్ని పొడవకముందే అతని గుండె జారేలా చేయడమే ఆ ఆయుధం అసలు పని. గాయాలు తక్కువగా ఉండటానికి ప్రధాన కారణం అదేనని నా నమ్మకం.

17వ శతాబ్దపు తుపాకీని ఒకసారి కాల్చాక మళ్లీ మందు కూరి, గుండు దింపేలోపు శత్రువు గుర్రాలు మీదికొచ్చేసేవి. ఆ కాసేపు సైనికుడి చేతిలో ఉన్నది వట్టి ఇనప గొట్టం. అందుకే అతనికి కాపుగా పొడవాటి బల్లేలవాళ్లను నిలిపేవారు. బాయ్‌నెట్ వచ్చాక ఆ కాపలా అవసరం తగ్గింది. అయితే తొలి రకం బాయ్‌నెట్ పిడిని గొట్టం నోట్లోనే దోపాలి, దోపితే తుపాకీ పేలదు. 1689లో స్కాట్లండ్‌లోని కిల్లీక్రాంకీ దగ్గర ప్రభుత్వ సైనికులు తుపాకులు కాల్చి, బాయ్‌నెట్లు దోపుకునేలోపే కొండప్రాంతపు యోధులైన హైలాండర్లు కత్తులు దూసి మీదపడ్డారు, సేన చెల్లాచెదురైంది. గొట్టం చుట్టూ తొడిగే రకం వాడుకలోకి వచ్చాక ఆ చిక్కు తీరింది. 1815లో వాటర్లూ దగ్గర బ్రిటిష్ పదాతిదళం చతురస్రాలుగా నిలబడి మొనలు బయటికి చాచింది. ఫ్రెంచి అశ్వికదళం మళ్లీ మళ్లీ వచ్చి, చుట్టూ తిరిగి, ఆ చతురస్రాలను ఛేదించలేక వెనుదిరిగింది. మొనల గోడ మీదికి గుర్రం దూకదు. అక్కడ బాయ్‌నెట్ సాధించినదాన్ని ఏ ఆసుపత్రి పుస్తకంలో రాస్తారు?

పోటు తగిలినవాళ్లు అక్కడికక్కడే చనిపోయి వైద్యుల లెక్కకు ఎక్కలేదేమో అనే అభ్యంతరం ఉంది. అది కొంత నిజమే. కానీ గుండు తగిలి అక్కడే ప్రాణం విడిచినవాళ్లూ ఆ లెక్కలో లేరు. పైగా 1870లో యుద్ధంలో మరణించిన ఫ్రెంచి అధికారి ఆర్డాన్ దు పీక్, రెండు దళాలు ఎదురెదురుగా దూసుకొస్తే ఢీకొనే ముందే ఏదో ఒకటి వెన్ను చూపుతుందని వాదించాడు. గాయాల లెక్కలు ఆ మాటకే బలమిస్తాయి.

తుపాకీ గురి దూరం పెరిగేకొద్దీ పోటు అందేంత దగ్గరికి చేరడమే కష్టమైంది. అయినా 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో బ్రిటిష్ సైనికులు టంబుల్‌డౌన్ కొండపై బాయ్‌నెట్లు వాడారు కదా అనవచ్చు. వాడారు. అది రాత్రి పోరు, రాళ్ల మధ్య, శత్రువు చేయిచాపు దూరంలో ఉన్న చోటు. అలాంటి సందర్భాలు ఎంత అరుదో సైన్యాలకు తెలుసు. అమెరికా సైన్యం 2010లో ప్రాథమిక శిక్షణ నుంచి బాయ్‌నెట్ దాడిని తీసేసింది. బాయ్‌నెట్ క్రమంగా పనిముట్టుగానూ మారింది: ఏకేఎం రైఫిల్‌తో ఇచ్చిన సోవియట్ బాయ్‌నెట్‌నైతే దాని ఒరకు తగిలించి ముళ్లకంచె తీగలు కత్తిరించవచ్చు.