సముద్రపు జ్వరమును చూపిన శిల్పము



సముద్రమునకు మానవుడు చేయు అపకారములలో కంటికి కనబడునవి కొన్ని, కనబడనివి కొన్ని. ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన చెత్తను చూచినవాడు ముక్కు మూసుకొని తొలగిపోవును. నీటిలో కలిసిన వేడిమిని మాత్రము ఎవరును చూడజాలరు. బొగ్గును, నూనెలను మండించుటచే పుట్టిన బొగ్గుపులుసు వాయువు, భూమినుండి వెలుపలికి పోవలసిన వేడిమిని అడ్డగించుచున్నది. అట్లు నిలిచిపోయిన వేడిమిలో నూటికి 90 పాళ్లకు పైగా సముద్రమే గ్రహించుచున్నది. శాస్త్రజ్ఞులు అంకెలలో చెప్పుచున్న ఈ విషయమును కన్నులకు చూపుటకై ఒక శిల్పి చేసిన యత్నమును గూర్చి నేడు మనవి చేయుదును.

ఆస్ట్రేలియా ఖండమున క్వీన్స్‌లాండు తీరము వెంబడి, సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున, గ్రేట్ బారియర్ రీఫ్ అను పగడపు దిబ్బల వరుస కలదు. ఆ తీరమందలి టౌన్స్‌విల్ పట్టణమున 2019 డిసెంబరులో జేసన్ డికైర్స్ టేలర్ అను బ్రిటిష్ శిల్పి, ఒడ్డునకు చేరువనే నీటిలో ఒక బాలిక విగ్రహమును నిలిపెను. మనుష్యుని ఎత్తునకు రెండింతలు మించిన ఆ బాలిక చేతిలో ఒక పెద్ద గవ్వ యుండును. అచటి ఆదివాసులైన వుల్గురుకబా జాతికి చెందిన ఒక విద్యార్థినిని చూచి మలచిన రూపమది. దానికి 'ఓషన్ సైరన్' అని పేరు. సైరన్ అనగా యవన పురాణములలో పాటచే నావికులను ఆకర్షించు మోహిని. మిల్లులలో మ్రోగు హెచ్చరిక కూతయు సైరనే. ఈ విగ్రహమునకు రెండర్థములును పొసగినవి.

ఇక దానిలోని విశేషము. దూరమున నడిసముద్రమందు డేవిస్ రీఫ్ అను దిబ్బపై వాతావరణ కేంద్ర మొకటి కలదు. అచటి యంత్రము నీటి వేడిమిని కొలిచి పంపగా, ఆ సంఖ్యను బట్టి విగ్రహములోని విద్యుద్దీపములు రంగు మాఱునట్లు శిల్పి ఏర్పాటు చేసెను. నీరు చల్లగా నున్నపుడు నీలవర్ణము. వేడెక్కినకొలది క్రమముగా ఎఱుపు. నాడి చూచుట యెఱుగని వాడు సయితము, సాయంకాలము ఒడ్డున నడచుచు, రోగి స్థితిని తెలిసికొనవచ్చును.

నీరు కొంచెము వేడెక్కినంత మాత్రమున వచ్చు ముప్పేమని మీరడుగవచ్చును. పగడము రాయి కాదు. సున్నపుగూడు కట్టుకొని జీవించు సూక్ష్మప్రాణుల సమూహము. వాని మేనిలో కంటి కానరాని నాచు నివసించి, సూర్యకాంతితో ఆహారమును వండి, అద్దె చెల్లించినట్లు పగడమున కిచ్చుచుండును. పగడమునకు రంగును చాలవఱకు దానివలననే. వేసవిలోని అత్యధికోష్ణమునకు ఒక్క డిగ్రీ మించి కొన్ని వారములు నిలిచినచో ఈ సఖ్యము చెడును. పగడము ఆ నాచును వెలిగ్రక్కి, ఎముకవలె తెల్లబాఱును. వెంటనే చావదు, త్వరలో నీరు చల్లబడిన కోలుకొనును, లేనిచో ఆకలిచే నశించును.

ఆ దిబ్బలలో ఇట్టి వ్యాధి విస్తారముగా 1998లోను, 2002లోను వచ్చెను. పిదప 14 ఏండ్లు ఊపిరి దొరకెను. అటుపిమ్మట 2016, 2017, 2020, 2022, 2024 సంవత్సరములలో వెంటవెంట వచ్చెను. విగ్రహమును నిలిపి నాలుగు మాసములైనను నిండకమునుపే 2020 నాటి ఉపద్రవము వచ్చిపడెను. త్వరగా పెరుగు పగడపు జాతులకైనను కోలుకొనుటకు సుమారు 10 ఏండ్లు కావలెను. రెండేండ్లకొక జ్వరము తగులు రోగికి బలము చేకూరుట యెట్లు?

విగ్రహము సముద్రమును చల్లార్చునా యని ఆక్షేపించువారు కలరు. చల్లార్చదు. ఉష్ణమాపకమును చంకలో నుంచినంతనే ఏ జ్వరమును దిగలేదు. ఐనను జ్వరమున్నదని ఒప్పుకొననివాని నోట మందు పడదు గదా! పట్టణవాసుల కన్నుల యెదుట ఆ యెఱుపును నిలుపుటయే శిల్పి చేసిన ఉపకారము.

ఆ దేశపు కథ మనకేల యనరాదు. మన రామగుండములోను, విజయవాడలోను బొగ్గు మండించియే విద్యుత్తు పుట్టించుచున్నారు. పొగకు ఎల్లలు లేవు. మన యింట వెలుగు దీపమునకును, ఆ బాలిక మేన వెలుగు ఎఱ్ఱదీపమునకును గల చుట్టరికమును మీరు ఆలోచింతురు గాక.