చావడి ఎవరిది?

విశాఖ రేవునకు పలుదేశముల ఓడలు వచ్చును. ఒక్కొక్కదానికి ఒక్కొక్క యజమాని, ఒక్కొక్క జెండా. అయినను సంకేతములును, నౌకాయాన నిబంధనలును ఉమ్మడివి గనుక అవి ఏ రేవునకైనను పోగలవు. అంతర్జాలమున వెలసిన జనసంఘములకు ఇట్టి సౌలభ్యము అరుదు. ఫేస్‌బుక్‌నందున్నవాడు ఎక్స్‌నందున్న మిత్రునకు అచ్చటినుండియే జాబు వ్రాయజాలడు. ఊరిచావడి ఊరివారిది, ఈ చావడులకు యజమానులు వేరు.

శ్రోతలలో కొందరికి ఆర్కుట్ జ్ఞాపకముండవచ్చును. గూగుల్ సంస్థ 2004లో ఆరంభించిన ఆ వేదిక భారతదేశమున మిక్కిలి ప్రచారము పొందినది. 2014 సెప్టెంబరు 30వ తేదీన సంస్థయే దానిని మూసివేసినది. ఛాయాచిత్రములను దింపుకొనుటకు గడువిచ్చిరి. చిత్రములను మూటగట్టుకొనవచ్చును గాని, కూటమిని మూటగట్టుకొనుట యెట్లు?

అదే సంస్థ విశాఖపట్టణమున 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో కృత్రిమ మేధా కేంద్రమును నెలకొల్పుదునని 2025 అక్టోబరులో ప్రకటించినది. యంత్రములు మన ఊర నుండుట వేరు, మనవగుట వేరు. 1966లో ఉక్కు కర్మాగారము ఇచ్చట నుండవలెనని ఆంధ్రులు ఉద్యమించిరి. 2021లో అది ప్రభుత్వరంగముననే యుండవలెనని కార్మికులు ఉద్యమించిరి. మొదటి తగవు చోటును గూర్చినది, రెండవది స్వామ్యమును గూర్చినది. ఈ భేదము విశాఖవారికి క్రొత్త కాదు.

2003లో మొదలైన తెలుగు వికీపీడియాది మధ్యేమార్గము. యంత్రముల నిర్వహణ అమెరికాలోని వికీమీడియా ఫౌండేషనుది. వ్యాసములను మాత్రము ఎవరైనను సమూలముగ ప్రతి తీసికొని వేరొకచోట నిలుపుకొనవచ్చును.

పూర్తిగా వికేంద్రీకృతమైన మార్గమొకటి కలదు. యూజెన్ రోచ్కో అను జర్మనీ యువకుడు 2016లో మాస్టొడాన్ అను సాఫ్ట్‌వేరును విడుదల చేసెను. దానిని ఉచితముగ గైకొని ఒక కళాశాలయో, కార్మికసంఘమో తన సొంత సర్వరుపై నడుపుకొనవచ్చును. ఒక సర్వరునందలి సభ్యుడు మరియొకదానియందలి వానితో సంభాషింపగలడు. 2018 జనవరిలో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ఆమోదించిన యాక్టివిటీపబ్ అను నియమావళి యిందుకు ఆధారము. రేవుల ఉమ్మడి సంకేతముల వంటిదే యిది. ఒకచోటు నచ్చనిచో అనుచరులను వెంటబెట్టుకొని వేరొకచోటికి తరలవచ్చును. పాత వ్రాతలు మాత్రము వెంట రావు.

సొంత చావడికి దీపము పెట్టువాడు కావలెను. ఒక్కని ఉత్సాహముపై నిలిచిన సర్వరు అతడు విసిగిననాడు మూతపడును. సోషల్ డాట్ కోఆప్ అను సర్వరువారు ఇందుకు సహకారపద్ధతిని అవలంబించిరి: చందాలు సభ్యులవి, నిర్ణయములును సభ్యులవే. మన ఊర ఇట్టిది పెట్టదలచినవారు నడిరాత్రి యంత్రమాగినచో లేచువాడెవడో, దుర్భాషలాడువానిని తొలగించు అధికారమెవరిదో, నెలనెల ఖర్చెవరు భరింతురో ముందుగనే వ్రాసికొనవలెను.