కొట్టుకి తగ్గ కంప్యూటరు

ఇవాళ ఒక చిన్న కొట్టు గురించీ, అందులో పెట్టిన ఓ కంప్యూటరు గురించీ మీతో మాట్లాడదామనుకుంటున్నాను.

న్యూజెర్సీలో మా స్నేహితుడొకాయనకి ఇండియన్ గ్రోసరీ కొట్టు ఉంది. కొన్నేళ్ళ క్రితం పాత క్యాష్ రిజిస్టరు తీసేసి, ఒక కంపెనీ దగ్గర కొత్త బిల్లింగు సిస్టమ్ కొన్నాడు. అమ్మడానికొచ్చిన అబ్బాయి చూపించినవన్నీ డబ్బాలూ, ప్యాకెట్లే. బార్‌కోడు చూపించగానే బీప్‌మనడం, బిల్లులో పడడం. ముచ్చటగా ఉంది.

శనివారం సాయంత్రం వచ్చేసరికి అసలు కథ మొదలయింది. గోంగూర కట్టకి బార్‌కోడు లేదు. దొండకాయలు తూకం. కౌంటరు దగ్గర పన్నెండుమంది నిలబడి ఉంటే, ఒక్క దొండకాయ కోసం మూడు తెరలు దాటి వెళ్ళాలి. కౌంటరు దగ్గరుండే కాలేజీ కుర్రాడు తెలివైనవాడు, 'మిసిలేనియస్' అనే బటన్ కనిపెట్టాడు. ధర కొడితే చాలు, బిల్లు అయిపోతుంది. నెల తిరిగేసరికి సగం అమ్మకాలు ఆ బటన్ ఖాతాలోనే!

దాంతో కంప్యూటరు లెక్కలో ఉన్న సరుకు షెల్ఫులో లేదు. అదొక్కటే అయితే సర్దుకుపోవచ్చు. న్యూజెర్సీలో వండుకునే సరుకుల మీద సేల్స్ టాక్సు లేదు, క్యాండీ మీద ఉంది. పైగా పిండి కలిసినదాన్ని క్యాండీగా లెక్కపెట్టరు. అందుకని ఉత్త చాక్లెట్ బారుకి టాక్సు ఉంది, కిట్‌క్యాట్‌కి లేదు. (ఆ రూలు రాసినవాళ్ళు మన పూతరేకుల్ని చూసి ఉండరు లెండి!) ఈ సంగతులేవీ మిసిలేనియస్ బటన్‌కి తెలియవు. రేపు ఆడిట్ వస్తే, వసూలు చెయ్యని టాక్సు కొట్టువాడు తన జేబులోంచే కట్టుకోవాలి.

కంపెనీకి ఫోను చేస్తే, "మీ వాళ్ళకి సరిగ్గా ట్రైనింగు ఇవ్వండి" అన్నారట. నాకు కోపం వచ్చింది అక్కడే. కుర్రాడు తప్పు చెయ్యలేదు. క్యూ కదలడం అతని పని, ఆ పని అతను చేశాడు.

ఇలాంటి సంగతే ఇంట్యూట్ కంపెనీకి ఒకప్పుడు ఎదురైంది. స్కాట్ కుక్, టామ్ ప్రూ కలిసి 1983లో దాన్ని మొదలుపెట్టారు. ఇంటి బిల్లులు కట్టడం ఎంత విసుగో కుక్ భార్య చెబుతుంటే పుట్టిన ఆలోచన అది. వాళ్ళ క్వికెన్‌లో తెర మీద చెక్కు బొమ్మే కనిపించేది. చెక్కు రాయడం వచ్చినవాళ్ళెవరైనా వాడుకోవచ్చు. తరవాత సర్వే చేస్తే, కొన్నవాళ్ళలో చాలామంది దాన్ని ఆఫీసులో వాడుతున్నామన్నారు. ఇంటి లెక్కల సాఫ్టువేరు ఆఫీసులో ఎందుకని కంపెనీ మొదట ఆ మాట పట్టించుకోలేదు. ఆనక వాళ్ళ దగ్గరికి వెళ్ళి చూస్తే, అంతా చిన్న వ్యాపారస్తులు. అప్పట్లో వ్యాపారాల కోసం దొరికే సాఫ్టువేర్లు డెబిట్, క్రెడిట్, జర్నల్ అంటూ అకౌంటెంట్ల భాష మాట్లాడేవి. వీళ్ళకి కావలసింది ఎవరు డబ్బివ్వాలి, ఎవరికి మనమివ్వాలి, బ్యాంకులో ఎంతుంది, అంతే. అలా 1992లో క్విక్‌బుక్స్ వచ్చింది. కొన్నవాళ్ళ వెంట వాళ్ళ ఇంటికే వెళ్ళి, పక్కన కూర్చుని ఎలా వాడుతున్నారో చూడడాన్ని ఆ కంపెనీలో 'ఫాలో మీ హోమ్' అంటారు.

అంతా సుఖాంతమని చెప్పను. తొలి రోజుల్లో పాత పద్దుని మార్చినా, చెరిపినా జాడ దొరకదని అకౌంటెంట్లు గోలపెట్టారు. యజమానికి సులువైనది ఏప్రిల్ వచ్చేసరికి సీపీఏకి తలనొప్పి! ఆ జాడ ఉంచే ఏర్పాటు తరవాత వచ్చింది. అదే కంపెనీ 2024లో అమెరికాలో చాలా డెస్క్‌టాప్ రకాలని కొత్తవాళ్ళకి అమ్మడం ఆపేసింది. ఒకసారి కొని ఏళ్ళ తరబడి వాడుకునే అలవాటున్న కొట్లవాళ్ళకి నెలనెలా చందా ఎంత బరువో మనకి తెలుసు.

స్క్వేర్ కథ కూడా ఇలాంటిదే. సెయింట్ లూయిస్‌లో గాజు వస్తువులు చేసే జిమ్ మెకెల్వీ, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కార్డు తీసుకోలేక ఒక బేరం పోగొట్టుకున్నాడు. 2009లో జాక్ డోర్సీతో కలిసి, ఫోను హెడ్‌ఫోన్ కన్నంలో గుచ్చే చిన్న కార్డు రీడరు తెచ్చాడు. బేరం పోతే ఎలా ఉంటుందో ఎరిగినవాడు చేసిన వస్తువది.

ఇక మా స్నేహితుడి కొట్టు సంగతి. వాళ్ళ మేనల్లుడు మనలో చాలామందిలాగే సాఫ్టువేరు ఉద్యోగి. రెండు శనివారాలు బియ్యం బస్తాల మీద కూర్చుని కౌంటరు చూశాడు. ఆ తరవాత అదే సిస్టమ్‌లో మొదటి తెర మీదే ముప్ఫై కూరలకి ఫొటోలతో బటన్లు పెట్టాడు. పేర్లెందుకు పెట్టలేదంటే, ఒకే కాయని మనం బెండకాయ అంటాం, గుజరాతీ ఆవిడ భీండా అంటుంది, కౌంటరు కుర్రాడు ఓక్రా అంటాడు. కాటాని రిజిస్టరుకి కలిపాడు. మిసిలేనియస్ తీసేసి, టాక్సు ఉన్నదొకటి, లేనిదొకటి రెండు బటన్లు చేశాడు. క్యూ కదిలింది, లెక్కా చాలావరకు కుదిరింది.

చివర్లో గల్లాపెట్టె కింద ఉన్న అరువు పుస్తకం కనిపించింది.

"మావయ్యా, ఇది కూడా ఎక్కించెయ్యనా?" అన్నాడు.

"వద్దురా. ఎవరి బాకీ ఎంతో నలుగురి ముందూ తెర మీద పడితే, వాళ్ళు మళ్ళీ మన గుమ్మం తొక్కరు" అన్నాడాయన.

ఆ పుస్తకం ఇప్పటికీ అక్కడే ఉంది.