పని చేయించేవారికి ఉహుద్ నేర్పిన పాఠం

స్తోత్రాలన్నీ అల్లాహ్‌కే చెందుతాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పైన, ఆయన కుటుంబంపైన, సహచరులపైన శాంతి, శుభాలు వర్షించుగాక!



మనలో కొందరికి దుకాణాలున్నాయి. కొందరు మేస్త్రీలుగా పదిమంది కూలీల చేత పని చేయిస్తున్నారు. కొందరు కార్యాలయాల్లో, ఆసుపత్రుల్లో, కార్ఖానాల్లో పైఅధికారులుగా ఉన్నారు. నమాజు, ఉపవాసం, జకాత్‌ల సంగతి మసీదుకు వచ్చి అడిగి తెలుసుకునే మనం, చేతికింద పనిచేసేవారితో ఎలా మెలగాలో మాత్రం ధర్మాన్ని అడగము, అలవాటును అనుసరిస్తాము. ప్రతి మనిషీ కాపరి వంటివాడేననీ, తన సంరక్షణలో ఉన్నవారిని గురించి అతడు జవాబు చెప్పుకోవలసి ఉంటుందనీ దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. దుకాణంలోని పనికుర్రవాడు కూడా ఆ లెక్కలోకి వస్తాడు.

పని సవ్యంగా సాగుతున్నంత కాలం అందరూ మంచి యజమానులే. పనివాడి పొరపాటు వల్ల నష్టం వాటిల్లిన రోజున మన అసలు స్వభావం బయటపడుతుంది. ఆ రోజున ఎలా ఉండాలో ఉహుద్ సంఘటన మనకు నేర్పుతుంది.

హిజ్రీ 3వ సంవత్సరంలో మక్కా సైన్యం మదీనాపైకి వచ్చింది. దైవప్రవక్త (సఅసం) సహచరులను సమావేశపరచి సలహా అడిగారు. పట్టణంలోనే ఉండి ఎదుర్కోవడం మేలని ఆయన భావించారు. బద్ర్‌లో పాల్గొనే అవకాశం దక్కని యువకులు వెలుపలికి వెళ్ళి పోరాడదామని పట్టుబట్టారు. ఆయన వారి మాటను మన్నించి బయలుదేరారు. ఉహుద్ వద్ద 50 మంది విలుకాండ్రను ఒక గుట్టపై నిలిపి, గెలిచినా ఓడినా తాము కబురు పంపేవరకు అక్కడి నుండి కదలరాదని ఆజ్ఞాపించారు. విజయం దాదాపు చేతికి అందిన వేళ, వారిలో అధికులు సమరసొత్తు కోసం గుట్ట దిగారు. నాయకుడు అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజి) వారించినా వినలేదు. శత్రువుల ఆశ్వికదళం వెనుక నుండి విరుచుకుపడింది. హజ్రత్ హంజా (రజి)తో సహా సుమారు 70 మంది అమరులయ్యారు. దైవప్రవక్త (సఅసం) ముఖం గాయపడింది, పన్ను విరిగింది.

సోదరులారా! ఇంతటి నష్టం తరువాత అల్లాహ్ తన ప్రవక్తకు ఏమని ఆదేశించాడో ఆలి ఇమ్రాన్ సూరా 159వ ఆయత్‌లో చూడండి. మీరు మృదువుగా ఉండటం అల్లాహ్ కారుణ్యమేననీ, కఠినంగా ప్రవర్తించి ఉంటే వారంతా మీ చుట్టూ లేకుండా చెదరిపోయేవారనీ తెలిపి, మూడు పనులు చేయమన్నాడు: వారిని మన్నించాలి, వారి కొరకు క్షమాపణ వేడుకోవాలి, వ్యవహారాలలో వారిని సంప్రదించాలి.

ఈ మూడవ ఆదేశం వద్ద మనం ఆగి ఆలోచించాలి. సలహా అడిగారు, వారి సలహా ప్రకారమే బయలుదేరారు, వారిలోనివారే ఆజ్ఞ మీరారు. మనమైతే ‘ఇక వీళ్ళను అడిగేది లేదు’ అని తీర్మానించుకునేవాళ్ళం. అల్లాహ్ మాత్రం సంప్రదింపును ఆపవద్దన్నాడు.

అలాగని తప్పును కప్పిపుచ్చలేదు. అదే సూరా 152వ ఆయత్‌లో వారు విభేదించుకున్నారనీ, ఆజ్ఞను మీరారనీ స్పష్టంగా చెప్పి, ఆ వెంటనే వారిని మన్నించినట్లు ప్రకటించాడు. తప్పును తప్పని చెప్పాలి. మనిషిని మాత్రం వెలివేయరాదు.

ఈ నమ్మకం ఏ ఫలమిచ్చింది? హిజ్రీ 5వ సంవత్సరంలో ఇంకా పెద్ద సైన్యం మదీనాను ముట్టడించవచ్చినప్పుడు, కందకం త్రవ్వుదామన్న ఉపాయం పర్షియా నుండి వచ్చిన సల్మాన్ ఫార్సీ (రజి) నోట వెలువడింది. అరబ్బులకు అది క్రొత్త. అడిగే నాయకుడు, చెబితే వినే నాయకుడు ఉన్నాడు గనుకనే ఆయన నోరు విప్పగలిగారు. ఆ కందకం పనిలో దైవప్రవక్త (సఅసం) స్వయంగా మట్టి మోశారు. ఆయన పొట్ట ధూళితో కప్పబడిపోయింది. ఆకలితో ఉన్న ఆయనను జాబిర్ (రజి) కొద్దిమందితో భోజనానికి రమ్మంటే, పనిలో ఉన్న వారందరినీ వెంటబెట్టుకుని వెళ్ళారు. తాను తిని, తనవారిని పస్తు ఉంచలేదు.

హజ్రత్ అనస్ (రజి) పదేళ్ళు ఆయనకు సేవ చేశారు. ఒక్కసారి కూడా ఆయన విసుక్కోలేదనీ, ఇలా ఎందుకు చేశావని నిలదీయలేదనీ ఆయనే సాక్ష్యమిచ్చారు. ఒకరిని తల్లి పేరెత్తి నిందించినందుకు హజ్రత్ అబూజర్ (రజి)ను దైవప్రవక్త (సఅసం) మందలించారు. చేతికింద ఉన్నవారు మీ సోదరులనీ, శక్తికి మించిన పని వారిపై మోపరాదనీ, మోపితే మీరూ సాయపడాలనీ బోధించారు. ఈ హక్కు ముస్లిం పనివానికి ఎంత ఉందో, ముస్లిమేతర పనివానికీ అంతే ఉంది.

కనుక పనిముట్టు విరిగినా, లెక్క తప్పినా, సరుకు పాడైనా నలుగురి ముందు తిట్టకండి. ప్రక్కకు పిలిచి ఏం జరిగిందో అడగండి. తిట్లకు భయపడిన పనివాడు రేపు చిన్న తప్పును దాచిపెడతాడు. అది పెద్దదయ్యాక గానీ మనకు తెలియదు. ఇంట్లో జబ్బుగా ఉందని సెలవు అడిగితే, ముందుగా రోగిని గురించి విచారించండి. కూలిని చెమట ఆరకముందే చెల్లించండి. మరుసటి పని మొదలుపెట్టేటప్పుడు, నిన్న పొరపాటు చేసినవాడిని కూడా సలహా అడగండి.

పనిచేసే సోదరులారా! మీ పనీ ఒక అమానతే. యజమాని చూడని వేళ కూడా అల్లాహ్ చూస్తున్నాడు. పొరపాటు జరిగితే మీరే ముందుగా చెప్పండి. తోటివాడు వెనుకబడితే చేయందించండి. అతని తప్పును పైవారికి మోసి మెప్పు పొందాలని చూడకండి.

ఓ అల్లాహ్! మా చేతికింద ఉన్నవారి పట్ల మాకు మృదుత్వాన్ని ప్రసాదించు. మేము ఇతరులను మన్నించేలా చేసి, ప్రళయదినాన మమ్మల్ని మన్నించు. ఆమీన్.